మూడుసార్లు వచ్చిన కాగితం

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటారు. కాదు. నాకు ఉండాల్సినంతే ఉంది, మిగతావాళ్ళకే తక్కువ. కూరగాయలాయన తూకం వేస్తుంటే ముల్లు ఆగేదాకా చూస్తాను. తలుపుకి తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాను. ఎవరైనా నవ్వుతూ వచ్చి మీ పని చాలా బావుందండీ అంటే, ఏం కావాలి అని అడుగుతాను. ప్రోగ్రాములు రాసుకుని బతికే మనిషికి ఈ గుణం లేకపోతే ఎలా? ఇరవై ఏళ్ళుగా ఆ గుణంతోనే నెగ్గుకొస్తున్నాను.

మా గుంపు ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి కళ్ళద్దాల షాపు మీది గదిలో కలుస్తుంది. పదహారు ప్లాస్టిక్ కుర్చీలు, బొమ్మకి ఒక మూల పచ్చగా కొట్టే ప్రొజెక్టరు, వెనక కుళాయి ఉన్న చిన్న గది. గోడకి షాపాయన పాత కంటిపరీక్ష అట్ట వేలాడుతుంటుంది, పైన పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చీమల్లాంటి అక్షరాలు. సభ మొదలయ్యే ముందు ఎవరో ఒకరు దాని ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసుకుని చదవడం మా దగ్గర మామూలే.

మేం ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళం. కంగారుపడక్కర్లేదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మామూలుగా ప్రోగ్రాము రాసేవాళ్ళు ఒక డబ్బాలో ఓ అంకె వేసి, కాసేపయ్యాక అది తీసేసి ఇంకో అంకె వేస్తారు. మేం అలా చేయం. ఒకసారి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, మార్పు కావాలంటే కొత్తది చేసుకుంటాం. మన వెనక ఎవరో ఏదో మార్చేశారేమో అన్న బెంగ ఉండదు. నాలాంటిదానికి ఇంతకన్నా సుఖం ఏముంది?

రెండో ముక్క. మేం వాడే భాష మహా బద్ధకస్తురాలు. ఏ లెక్క రాసిచ్చినా సరే అని పక్కన పెట్టుకుంటుంది. దాని జవాబు ఎవరికైనా కావాల్సి వచ్చినప్పుడే ఆ లెక్క చేస్తుంది. ఎవరికీ అక్కర్లేకపోతే ఎన్నటికీ చేయదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది చెప్పడానికి నేను మా ఆయన్ని వాడుకుంటాను. గీజరు బాగుచేయండి అంటే చేస్తాలే అంటారు. స్నానానికి వెళ్ళి చన్నీళ్ళు పడి నేను కేక పెడితే అప్పుడు స్క్రూడ్రైవరు వెతుకుతారు. అందరూ నవ్వుతారు, ఆ తర్వాత ఎవరూ మర్చిపోరు.

గుంపు మొదలుపెట్టింది లెక్కల మాష్టారు. ఉద్యోగ విరమణ అయ్యాక ఈ భాష నేర్చుకుని, మా అందరికీ నేర్పారు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. గుమ్మం పక్కన చెప్పులొచ్చిన అట్టపెట్టె, దాని మూతకి ఓ చీలిక. తనకి కొరుకుడు పడని కోడ్, లేదా చూపించుకోవడానికి సిగ్గేసే కోడ్ ఎవరైనా సరే ఒక కాగితం మీద అచ్చు తీసి, పేరు రాయకుండా అందులో వేయొచ్చు. సభలో ఆ కాగితాలు ఒక్కొక్కటే ప్రొజెక్టరు కెమెరా కింద పెట్టి గోడ మీద చూపిస్తాం, అందరూ మొహమాటం లేకుండా తప్పులు పడతారు. ఎవరిది అని మాత్రం అడగకూడదు. మాష్టారికి అదొక్కటే పట్టుదల.

"ఎవరిదో తెలిసిందంటే కాగితం చదవడం మానేసి మనిషిని చదవడం మొదలుపెడతారు" అంటారాయన.

గది తాళం నా దగ్గర ఉండేది. పెట్టె తెరిచేదాన్నీ నేనే. టీ, బిస్కెట్ల సంగతి మా ఆడపడుచు చూసేది. దాన్ని ఇంట్లో అందరం బుల్లీ అంటాం. మా ఆఫీసులోనే, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పరీక్షల విభాగంలో పని చేస్తుంది, ఉద్యోగం నేనే వేయించాను. మా ఇంట్లోనే ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల, శనివారాలు నా వెనకే వచ్చి వెనక వరసలో కూర్చునేది.

వసంతకాలంలో అనుకుంటా, గుంపులోకి ఒక కొత్తాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో చిన్న నోటుబుక్కు. ల్యాప్‌టాప్ లేదు. గోడ పక్క కుర్చీలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఏదో రాసుకుంటూ ఉండేవాడు. ఏం చేస్తారండీ అని మా గుంపులోని గడ్డమాయన అడిగితే, "గవర్నమెంటు ఉద్యోగమేనండీ" అని నవ్వి ఊరుకున్నాడట. ఏ ఉద్యోగమో చెప్పని మనిషిని నేను ఎలా నమ్మాలి?

ఆ తర్వాతి నెల నా ఉపన్యాసం. మా ఆఫీసులో ఆసుపత్రులకి సాఫ్ట్‌వేరు చేస్తాం. పసిపిల్లలకి మందు ఎంత ఎక్కించాలో చెప్పే భాగం నాది. నర్సు బిడ్డ బరువు టైపు చేస్తే, మందు మోతాదు వస్తుంది. బరువులో దశాంశం చుక్క మర్చిపోయి నాలుగు పాయింట్ రెండు కిలోలకి బదులు నలభై రెండు అని కొట్టిందనుకోండి, మందు పదింతలవుతుంది. అందుకని మధ్యలో నేనొక కాపలా పెట్టాను. మోతాదు హద్దు దాటితే తెర ఎర్రగా మారి అంతా ఆగిపోతుంది. ఆఫీసు కోడ్ ఒక్క వరస కూడా చూపించకుండా, ఆ కాపలాని ఎంత పొందిగ్గా రాశానో ఆ రోజు గంటసేపు నోటితోనే చెప్పాను.

"నాలుగేళ్ళు, ముప్పై ఒక్క ఆసుపత్రులు" అన్నాను చివర్లో. "ఇది ఒక్కసారి కూడా ఆపాల్సిన అవసరం రాలేదు."

చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక గోడ పక్కనుంచి కొత్తాయన గొంతు మొదటిసారి వినిపించింది.

"ఒక్కసారి కూడానా అండీ?"

"ఒక్కసారి కూడా."

ఆయన తలూపి నోటుబుక్కులో ఏదో రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. నా ప్రాణం చివుక్కుమంది. నా పని గురించి ఈయనకెందుకు? గీతలెందుకు? ఇంటికి వస్తూ దారిపొడుగునా బుల్లితో అదే మాట. అది కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టింది.

రెండు వారాలకి ఆఫీసులో పరీక్షల విభాగం పేరు మీద ఒక టికెట్ వచ్చింది. టికెట్ అంటే ఫలానా చోట తప్పుంది చూడండి అని పంపే ఫిర్యాదు, విభాగం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. మోతాదు కాపలా పని చేస్తున్నట్టు లేదు, చూడగలరు అని మొదటి వాక్యం. నాకు ఒళ్ళు మండింది. కాపలాని పరీక్షించే ప్రోగ్రాము ప్రతి రాత్రీ నడుస్తుంది, ప్రతి పొద్దున్నా పాస్ అని పచ్చగా వస్తుంది. ఇక రెండో వాక్యం దాకా ఎందుకు పోతాను? "నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. ముందు చదవడం నేర్చుకోండి" అని కొట్టి టికెట్ మూసేశాను. ఆ మాట మళ్ళీ గుర్తు రాలేదు కూడా.

తర్వాతి రెండో శనివారం పెట్టెలో నాలుగు కాగితాలున్నాయి. మూడోది తీసి కెమెరా కింద పెట్టబోతూ ఆగిపోయాను. కొలతలకి నేను పెట్టుకునే పొట్టి పేర్లు, వరసకి ముందు నేను వదిలే రెండు ఖాళీలు. అది నా కోడ్. మా ఆఫీసు కోడ్. మోతాదు కాపలా.

పోయిన ఏడాది మా దగ్గర ఒకతను పది వరసల కోడ్ ఇంటర్నెట్లో పెట్టి సాయం అడిగాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయకముందే అతన్ని బయటికి పంపేశారు. ఆ రోజే మా హెడ్ నన్ను పిలిచి, "మన ఆఫీసులో అలాంటి శనివారం సభలకి వెళ్ళేది మీరే అనుకుంటా. కాస్త జాగ్రత్త" అన్నాడు. ఇప్పుడు ఈ కాగితం గోడ మీద పడిందంటే, పదిమంది చూశారంటే, రేపు వేలు ఎవరి వైపు తిరుగుతుంది? ఇంటి అప్పు, పిల్లాడి చదువు, ఇరవై ఏళ్ళ పేరు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"మూడోది ఖాళీ కాగితం, ఎవరో పొరపాటున వేసినట్టున్నారు" అని మడిచి నా సంచిలో వేసుకున్నాను. నాలుగోది చూపించాను. గోడ పక్క కొత్తాయన నోటుబుక్కు మూసి నా వైపే చూస్తున్నాడు.

ఆ వారమంతా నేను ఆ కాగితంతోనే ఉన్నాను. వెలుతురుకి ఎత్తి చూశాను. ఎడమ అంచున సన్నటి బూడిదరంగు గీత ఉంది. ఆఫీసులో ఏదో ఒక వంకతో అన్ని ప్రింటర్లలోనూ ఒక్కో కాగితం తీశాను. మూడో అంతస్తు ప్రింటరు దగ్గర దొరికింది, అదే గీత, అదే చోట. అంటే మూడో అంతస్తులో ఎవరో అచ్చు తీసి కొత్తాయనకి అందిస్తున్నారు. ఆయన పెట్టెలో వేసి నా మొహం ఎలా మారుతుందో చూస్తున్నాడు. పోటీ కంపెనీ మనిషి కావచ్చు. మా హెడ్డే నన్ను పరీక్షించడానికి పంపి ఉండవచ్చు. ఏదైతేనేం, నాకు ఉచ్చు బిగుస్తోంది.

బుల్లి కూర్చునేది మూడో అంతస్తులోనే. ఒక సాయంత్రం వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, సంగతంతా చెప్పాను.

"మీ అంతస్తులో ఆ ప్రింటరు దగ్గర ఎవరెవరు తచ్చాడుతున్నారో ఓ కన్నేసి ఉంచు" అన్నాను.

బుల్లి మొహం పాలిపోయింది. నా ఉద్యోగం గురించి బెంగపడుతోంది కాబోలనుకున్నాను.

"వదినా, ఆ కాగితం చదివావా?"

"చదవడానికేముంది? నేను రాసిందే కదా."

"అది కాదు... ఒకసారి చదివితే..."

"ఏంటి నీళ్ళు నములుతావు? చెప్పేదేదో చెప్పు."

"ఏం లేదులే" అంది. గిన్నెలు తుడవడం మొదలుపెట్టింది. నేనూ వదిలేశాను, ఆ పిల్ల ఎప్పుడూ అంతే కదా అని.

మళ్ళీ రెండో శనివారం. ఈసారి నేను ముందే తెగించి ఉన్నాను. పెట్టె తెరవగానే పై కాగితం అదే. ఒక్కటే తేడా, అక్షరాలు పోయినసారి కన్నా పెద్దవి. నాకు చూపు ఆనదనుకున్నాడా ఏం? వెక్కిరింపు కాకపోతే ఏమిటిది? కాగితం సంచిలోకి తోసి సభ ఎలాగో నడిపించాను. టీ దగ్గర కొత్తాయన కప్పు పట్టుకుని కంటిపరీక్ష అట్ట ముందు నిలబడి ఉన్నాడు. నేరుగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మీరసలు ఎవరండీ? ఏం చేస్తారు?"

"తూనికలూ కొలతల శాఖలో పని చేస్తానండీ. కాటాలు తనిఖీ చేస్తుంటాను."

"కాటాలు చూసుకునేవారికి ఇక్కడేం పని?"

"నేర్చుకుందామని వచ్చానండీ."

"నేర్చుకునేవాళ్ళు ప్రశ్నలు అడుగుతారు. మీరు ఇన్ని నెలల్లో ఒకే ఒక్కటి అడిగారు. అదీ నా పని గురించి!"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "అది వృత్తిలో అలవాటండీ. ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదూ రాని కాటా కనిపిస్తే మేం ముందు దాన్నే చూస్తాం."

"అంటే నాది దొంగ కాటా అనా?"

నాకు అప్పటికే ఒళ్ళు తెలియడం లేదు. ఆయన చంకలో ఉన్న నోటుబుక్కు లాక్కున్నాను. అందరి ముందూ గట్టిగా చదువుదామని తెరిచాను. చదివాను కూడా. "బద్ధకపు భాష. అడగనిదే చేయదు. గీజరు." ఆ కింద, "ఫంక్షన్ అంటే మిషను లాంటిది. ఒకటి వేస్తే ఒకటి వస్తుంది. ఇంట్లో ప్రయత్నించాలి." ఇంకో పేజీలో, "మేడమ్ గారు చాలా బాగా చెప్పారు. నాలుగేళ్ళు ఒక్కసారి కూడా? సందేహం. అడగాలంటే భయం." దాని కింద రెండు గీతలు.

చదవడం మధ్యలోనే ఆపేశాను. ఆయన చేయి చాచి పుస్తకం తీసుకున్నాడు. తన కుర్చీని వరసలోకి జరిపి, టీ కప్పు కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎవరూ నా వైపు చూడలేదు.

మాష్టారు నా ఎదురుగా వచ్చి చేయి చాచారు.

"తాళం ఇవ్వమ్మా. వచ్చే నెల నుంచి పెట్టె నేను తెరుస్తాను."

"మాష్టారూ, మీకు తెలీదు, ఇక్కడేదో జరుగుతోంది..."

"జరిగింది చూశాను కదా. తాళం."

ఇచ్చేశాను. ఇంటికి వస్తూ బస్సులో ఏడ్చాను. అవమానానికి ఏడ్చాను తప్ప తప్పు చేశానని కాదు, అది ఒప్పుకోవాలి. ఆయన నోటుబుక్కు అమాయకమైనదే కావచ్చు, కాగితం మాత్రం నిజం. ఎవరో వేస్తున్నారు. వచ్చే నెల మాష్టారు పెట్టె తెరిస్తే అది గోడ మీద పడుతుంది, దాంతో నా ఉద్యోగం సరి.

అందుకే మూడో నెల నేను ఒంటిగంటన్నరకే వెళ్ళాను. మాష్టారు తాళం తీసుకున్నారని కళ్ళద్దాల షాపాయనకి తెలియదు, అడగ్గానే తన తాళంతో తలుపు తీశాడు. వెనక కుళాయి గదిలో దూరి తలుపు సందులోంచి పెట్టె మీద కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. నలభై ఏళ్ళు దాటిన ఆడదాన్ని, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని చెప్పులొచ్చిన పెట్టెకి కాపలా కాస్తున్నాను. మా ఆయన చూస్తే ఆర్నెల్లు నవ్వుకునేవారు.

రెండుంబావుకి మెట్ల మీద అడుగులు వినిపించాయి. ముందు చెప్పులు కనిపించాయి. పోయిన నెల నేనే కొనిచ్చిన చెప్పులు.

"నువ్వా!" అంటూ బయటికి వచ్చాను.

బుల్లి గావుకేక పెట్టింది. చేతిలో కాగితం పెట్టె చీలికలో సగం దిగి ఇరుక్కుపోయింది.

"ఎవరిచ్చారు నీకిది? ఎవరు చేయిస్తున్నారు నీతో?"

"ఎవరూ ఇవ్వలేదు వదినా. నేనే అచ్చు తీశాను. మూడుసార్లూ నేనే."

"నా ఉద్యోగం ఊడగొట్టడానికా?"

"నువ్వు చదువుతావని."

"నేను రాసింది నేను చదవడం ఏంటే?"

"అందుకే కదా చదవలేదు" అంది బుల్లి. దాని గొంతు ఎన్నడూ లేనంత గట్టిగా ఉంది. "ఆ రోజు ఆయన ఒక్కసారి కూడానా అని అడిగాడే, నాకూ అదే తొలిచేసింది. పరీక్షల మిషను మీద కూర్చుని, పసిబిడ్డ బరువు నూట నలభై కిలోలు అని కొట్టాను. ఎర్రగా రాలేదు. మందు ఇంత ఎక్కించండి అని వచ్చింది. అదంతా రాసి టికెట్ పెట్టాను."

"ఏ టికెట్?"

"ముందు చదవడం నేర్చుకోండి అన్నావే, అది."

నేను కొట్టిన ఆ మాటలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

"మా పరీక్షల విభాగం హెడ్డుతోనూ చెప్పాను. ఆవిడ చూసి మూసేసిందంటే అందులో ఏమీ ఉండదులే అన్నాడు. నీ మాటంటే అంత నమ్మకం అక్కడ."

"మరి ఇంట్లో చెప్పొచ్చుగా! పక్క గదిలోనే కదా ఉంటాను!"

"ఎలా చెప్పను? కర్టెను కొలత రెండంగుళాలు తగ్గిందన్నందుకే, ఆడపడుచు కదా, తప్పులు వెతక్కపోతే దానికి పొద్దుపోదు అన్నావు అన్నయ్యతో. నేను విన్నాను. నీ నాలుగేళ్ళ పని తప్పంటే ఇంట్లో నేనుండగలనా? ఇక్కడైతే ఎవరు చెప్పారో తెలీదు కదా, అందరితో పాటు నువ్వూ చదువుతావనుకున్నాను. నువ్వేమో కాగితం అంచు చూశావు, ప్రింటరు చూశావు, ఆయన్ని చూశావు. ఆ రోజు వంటింట్లో నోరు తెరిచి చెప్పకపోవడం నా తప్పే. భయమేసింది." ముక్కు తుడుచుకుంది. "అందరినీ అనుమానిస్తావు కదా వదినా. నాలుగేళ్ళలో, ముప్పై ఒక్క ఆసుపత్రుల్లో, ఒక్క నర్సు కూడా చుక్క పెట్టడం మర్చిపోలేదంటే నీకు అనుమానం రాలేదా?"

చీలికలో ఇరుక్కున్న కాగితాన్ని లాగాను. ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవి, కంటిపరీక్ష అట్ట మీది పై వరసలంత. ఒక వరస కింద ఎర్రగీత. రెండు నెలలుగా నా సంచిలో మోస్తున్న కాగితాన్ని మొదటిసారి చదివాను.

అర నిమిషం పట్టింది. హద్దు దాటిందా లేదా అన్న లెక్క రాశాను. దాని జవాబుకి పేరు పెట్టాను. ఆ కింద వరసలో మోతాదు ఇచ్చేశాను. ఆ జవాబుని మోతాదుతో ఎక్కడా కలపలేదు. దాన్ని ఎవరూ అడగడం లేదు. ఎవరూ అడగని లెక్కని మా భాష చేయదు. రాత్రిపూట నడిచే పరీక్ష కాపలాని నేరుగా పిలిచి జవాబు అడుగుతుంది కాబట్టి, అప్పుడు మాత్రం లేచి చక్కగా పని చేస్తుంది. ఆసుపత్రుల్లో ఎవరూ అడగలేదు కాబట్టి నాలుగేళ్ళుగా నిద్రపోతోంది. గీజరు కథ చెప్పి పదిమందిని నవ్వించిన మనిషిని, సరిగ్గా ఆ పప్పులోనే కాలేశాను.

"ఎన్నిసార్లు?" అన్నాను.

"ఆసుపత్రుల్లో టైపు చేసిన బరువులన్నీ ఈ వారం తిరగేశాను. పదకొండుసార్లు ఆపాల్సింది. తొమ్మిదిసార్లు నర్సులే చూసుకుని వెంటనే దిద్దుకున్నారు."

"మిగతా రెండు?"

"తర్వాత ఏమైందో చూసే అనుమతి నాకు లేదు వదినా. నీకుంది."

ల్యాప్‌టాప్ తెరిచాను. పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టాను. బుల్లి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదటిది రెండేళ్ళ కిందటిది. వైద్యుడు సంతకం పెట్టేముందు కనిపెట్టి చీటీ చింపేశాడు, మందు ఎక్కించలేదు. ఊపిరి పీల్చుకుని రెండోది తెరిచాను. బిడ్డ వయసు పదిహేడు రోజులు, బరువు మూడు పాయింట్ ఆరు, కొట్టింది ముప్పై ఆరు. మందు సగం ఎక్కాక బిడ్డ ఒళ్ళు నీలం తిరగడం చూసి నర్సు ఆపింది. నాలుగు రోజులు ఊపిరి మిషను మీద ఉంచారు. ఐదో రోజు ఇంటికి పంపారు.

బతికింది. ఆ ఒక్క మాట పది సార్లు చదువుకున్నాను. ఆ తర్వాత పైన ఉన్న తేదీ చూశాను. అది పోయిన నెల సభకి పంతొమ్మిది రోజుల ముందు. అప్పటికి బుల్లి వేసిన మొదటి కాగితం నా సంచిలో తొమ్మిది రోజులుగా ఉంది.

బుల్లికి తేదీ ముందే తెలుసు. అది నా మొహం వంక చూడకుండా నా మోచేయి పట్టుకుంది.

మా హెడ్డుకి ఫోన్ చేశాను. ఏ వరసలో తప్పుందో, ఏం జరిగిందో చెప్పాను. అన్ని ఆసుపత్రులకీ ఇప్పుడే కబురు చేయండి, దిద్దేదాకా బరువు ఇద్దరు నర్సులు చూడాలి అన్నాను. అతను వివరాలన్నీ రాసుకున్నాడు.

"ఇప్పుడే చేయిస్తాను. ఇంతకీ శనివారం పూట మీకిది ఎలా తెలిసింది? కోడ్ మీ దగ్గరెక్కడిది?"

బుల్లి నా వంక చూసింది. రెండు నెలలుగా నేను భయపడిన ప్రశ్న అదే.

"అచ్చు తీసి బయటికి తెచ్చాను. నేనే" అన్నాను.

"సోమవారం పొద్దున్నే నా గదికి రండి" అని ఫోన్ పెట్టేశాడు.

మూడింటికి మాష్టారు వచ్చారు. నన్ను ముందే గదిలో చూసి కళ్ళు చిట్లించారు. గడ్డమాయన, మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. మాష్టారు పెట్టె మూత తీశారు. లోపల ఒక కాగితం కూడా లేదు.

"నా దగ్గరొకటుంది మాష్టారూ" అని లేచాను. దాని మీద పైన నా పేరు రాశాను. ఆచారం తప్పుతున్నానని తెలుసు. మాష్టారు పేరు చూశారు, నన్ను చూశారు, కాగితాన్ని కెమెరా కింద సరిగ్గా సర్ది పక్కకి తప్పుకున్నారు. ప్రొజెక్టరు మూల పచ్చగా కొడుతుండగా నా నాలుగేళ్ళ పని గోడంత అయింది. ఎర్రగీత గీసిన వరస దగ్గర వేలు పెట్టాను.

"నాలుగేళ్ళు, ముప్పై ఒక్క ఆసుపత్రులు" అన్నాను. "ఇది ఒక్కసారి కూడా ఆపలేదు."

గోడ పక్క కుర్చీ వైపు చూశాను. ఒక్కసారి కూడానా అని అడగడానికి అందులో ఎవరూ లేరు.